చెక్ ట్రేలో మిగిలిన మేత

మా క్రైస్తవ సంఘంలో నన్ను సంఘ పెద్దగా నిలబెట్టి పదకొండేళ్ళు దాటింది. అంతకు ముందు ఇరవై ఏళ్ళు సండే స్కూల్లో పాఠాలు చెప్పాను. బడిలో కూడా ఉపాధ్యాయుణ్ణే కావడం వల్ల విశ్వాసులూ, విశ్వాసులు కానివారూ అందరూ నన్ను మాస్టారనే పిలుస్తారు. ఆ పిలుపులో గౌరవంతో పాటు ఒక ప్రమాదం కూడా ఉంది. చెప్పడం తన పని, వినడం ఎదుటివారి పని అని మనిషి తెలియకుండానే అనుకోవడం మొదలుపెడతాడు. ఒకరిని విశ్వాసంలోకి నడిపించడమంటే వచనాలు చూపించి, ప్రశ్నలకు జవాబులిచ్చి, చివరికి ఒప్పించి బాప్తిస్మపు నీళ్ళ దాకా తీసుకురావడమేనని నేనూ చాలాకాలం అనుకున్నాను. ఆ లెక్క ఎక్కడ తప్పిందో, రొయ్యల చెరువు గట్టున ఒక కుర్రవాడు నాకు ఏం నేర్పాడో ఈసారి రాయాలనుకుంటున్నాను.

మాది నర్సాపురానికీ పాలకొల్లుకూ నడుమ కాలువగట్టును ఆనుకుని ఉన్న పల్లె. ఈ సీమకు సువార్త వచ్చిన కథ మా పెద్దవాళ్ళకు కంఠతా వచ్చు. 1836లో ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుంచి ఓడ ఎక్కిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ తమ భార్యలతో సహా వచ్చి నర్సాపురంలో కాపురం పెట్టారు. నెలనెలా జీతం పంపే మిషను సొసైటీ ఏదీ వాళ్ళ వెనుక లేదు. ధవళేశ్వరం దగ్గర 1847 నుంచి 1852 వరకు కాటన్ దొర ఆనకట్ట కట్టిస్తున్న రోజుల్లో, పని కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చి చేరిన కూలీల మధ్యకు కూడా బౌడెన్ వెళ్ళి సువార్త చెప్పేవారు. కాకినాడ వైపు కథ ఇంకొక రకం. కెనడియన్ బాప్టిస్టు మిషను అక్కడ 1874లో మొదలైందని అందరూ చెబుతారు గాని, జాన్ మెక్‌లారిన్ అక్కడికి వచ్చేసరికే, టెలిగ్రాఫ్ శాఖలో ఉద్యోగం వదులుకుని సువార్త పనిలో దిగిన థామస్ గేబ్రియల్ అనే మన తెలుగాయన తన చేతి డబ్బు ఖర్చుపెట్టుకుంటూ పని సాగిస్తున్నాడు. ఆ భారం మోయలేని స్థితి వచ్చినప్పుడే ఆయన కెనడా వారి సాయం కోరాడు.

ఈ చరిత్ర చెప్పుకునేటప్పుడు మనకు దొరల పేర్లు ముందు నోటికి వస్తాయి, గేబ్రియల్ పేరు ఆ తరువాత వస్తుంది, వాళ్ళ మాట విని ఊరూరా తిరిగిన ఉపదేశుల పేర్లూ, బైబిల్ స్త్రీల పేర్లూ అసలు రానే రావు. నిజానికి మా ఇంటికి విశ్వాసం వచ్చింది ఆ మూడో వరుస వాళ్ళ వల్లనే.

మా నాయనమ్మకు అక్షరం రాదు. సార్వా ఊడ్పులప్పుడు వాళ్ళ పేటకు ఒక బైబిల్ స్త్రీ వస్తూ ఉండేదట. ఆవిడ గట్టు మీద నిలబడి ప్రసంగం చేసేది కాదు. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని బురదలోకి దిగి, వరుసలో తానూ ఒకతిగా నారు నాటుతూ కథ చెప్పేదట. వరుస చేను చివరికి చేరేసరికి కథ సగంలో ఉండేది. తప్పిపోయిన గొర్రెను వెతుకుతూ కాపరి కొండలెక్కాడని చెప్పి, అక్కడితో ఆపేసి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయేదట. ఆ గొర్రె దొరికిందో లేదో తెలుసుకోవడానికి మా నాయనమ్మ ఆదివారం నాడు మొదటిసారి ప్రార్థన మందిరం గుమ్మం దగ్గరకు వెళ్ళిందని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుకుంటూ చెప్పుకుంటారు. ఆ తరువాత రెండేళ్ళకు గాని ఆవిడ బాప్తిస్మం తీసుకోలేదు. ఆ రెండేళ్ళలో ఆ బైబిల్ స్త్రీ ఒక్కసారి కూడా ఎప్పుడు తీసుకుంటావని అడగలేదట. ఇదంతా చిన్నప్పుడు నేను చాలాసార్లు విన్నాను. విన్నదానిలోంచి ఏమీ నేర్చుకోలేదు.

అపొస్తలుల కార్యములు ఎనిమిదవ అధ్యాయంలో ఫిలిప్పు, ఐతియొపీయుడైన నపుంసకుడు కలుసుకున్న సంగతిని సండే స్కూల్లో కనీసం పదిసార్లు చెప్పి ఉంటాను. రథంలో కూర్చుని యెషయా గ్రంథం చదువుకుంటున్న ఆ రాణి కొలువులోని అధికారిని ఫిలిప్పు అడిగిన మొదటి మాట ఒక ప్రశ్న: చదువుతున్నది అర్థమవుతోందా అని. ఎవరైనా త్రోవ చూపకపోతే ఎలా అర్థమవుతుందని ఆయన అన్నాడు, రథమెక్కి తన పక్కన కూర్చోమని వేడుకున్నాడు. అప్పుడు గాని ఫిలిప్పు ఎక్కలేదు. ఎక్కి, ఆయన చదువుతున్న లేఖనం దగ్గరే మొదలుపెట్టాడు. తాను ముందే సిద్ధం చేసుకున్న పాఠం దగ్గర కాదు. నీళ్ళు కనబడగానే బాప్తిస్మం సంగతి ఎత్తింది కూడా ఆ అధికారే. నీళ్ళలోంచి బయటకు వచ్చాక ఆత్మ ఫిలిప్పును కొనిపోయింది, అధికారి మళ్ళీ అతన్ని చూడలేదు, అయినా సంతోషిస్తూ తన దారిన వెళ్ళాడు. పిల్లలకు నేను ఈ కథలో ఫిలిప్పు పరుగు గురించే చెప్పేవాణ్ణి. అతను మాయమైన సంగతిని ఒక ముక్కలో దాటేసేవాణ్ణి. త్రోవ చూపినవాడు వెళ్ళిపోయినా ఆ మనిషి సంతోషంగా ముందుకు సాగడమే ఈ కథకు ప్రాణమని తెలిసేసరికి నాకు యాభై ఎనిమిదేళ్ళు వచ్చాయి.

ఆ కుర్రవాడు మా ఊరికి దిగువన వెనామీ రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా ఉంటాడు. తండ్రి లేడు, తల్లి, అక్క, డిగ్రీ చదువుతున్న తమ్ముడు ఉన్నారు. ఏడేళ్ళ కిందట క్రిస్మస్ పాటల గుంపు వెంట ఊరికే సరదాకు వచ్చి, మా ఇంటి దగ్గర టీ తాగుతూ, పశువుల తొట్టిలో పుట్టినవాణ్ణి రాజు అని ఎందుకంటారండీ అని అడిగాడు. మంచి ప్రశ్న. నేను గంటన్నర జవాబు చెప్పాను. ఆ తరువాత ప్రతి ఆదివారం వచ్చేవాడు, నా పక్కనే కూర్చునేవాడు, నేను ప్రార్థన చేస్తే నా మాటలే మెల్లగా పలికేవాడు. నాకు అది ఎంతో ఇష్టంగా ఉండేది, ఇప్పుడు దాచి ప్రయోజనం లేదు.

మరుసటి ఏడాది మా సంఘంలో పదకొండు బాప్తిస్మాలు జరిగాయి. సంవత్సరాంతపు కూటంలో నివేదిక చదవవలసినవాణ్ణి నేను. పన్నెండు అయితే ఎంత బాగుంటుందన్న ఆలోచన నా మనసులోకి ఎలా వచ్చిందో గాని వచ్చింది. పన్నెండు అనే సంఖ్యకు మన దగ్గర ఉన్న విలువ మీకు తెలియనిది కాదు. డిసెంబరు మూడో వారంలో అతన్ని కాలువ రేవులోకి దింపాను. అతను వద్దనలేదు, కావాలని కూడా అడగలేదు. మీరు చెప్తే సరేనండీ అన్నాడు. ఆ మాట వినగానే నేను ఆగవలసింది.

ఆగకపోవడం వల్ల జరిగిన మొదటి పొరపాటు వారం తిరగకుండానే బయటపడింది. అతని తల్లి మా ఇంటికి వచ్చి, అరుగు మీద కూడా కూర్చోకుండా, "మాస్టారూ, మా పిల్లల కులం కాగితానికి ఇదేమైనా అడ్డమొస్తుందాండీ?" అని అడిగింది. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం ఆ హోదా మొదట హిందువులకే పరిమితమైంది, 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ విస్తరించింది, క్రైస్తవులకు వర్తించలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి మారిన షెడ్యూల్డు కులాల వారినీ, వారి సంతానాన్నీ వెనుకబడిన తరగతుల సి గ్రూపులో పెట్టారు. డెల్టాలో ఏ పేటకు వెళ్ళినా ఈ సంగతి తెలియని తల్లి ఉండదు. దీని న్యాయాన్యాయాల మీద నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి గాని, అవి ఇక్కడ అప్రస్తుతం. ఆ తల్లి అడిగిన ప్రశ్న ఆమె కంటే ముందు నేను అడగవలసింది, ఆమె ఇంట్లో కూర్చుని, ఆమె కొడుకు సమక్షంలో అడగవలసింది. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని లూకా పద్నాలుగవ అధ్యాయంలో ప్రభువే చెప్పాడు. ఖర్చు పెట్టేది వాళ్ళు, లెక్క చూడనివ్వకుండా తొందరపెట్టింది నేను. ఆ రోజు ఆవిడకు నిజం చెప్పాను, తెలిసినంత వరకు దాచకుండా చెప్పాను. ఆవిడ కోపగించుకోలేదు. "ముందే చెప్పుంటే మేమూ ఆలోచించుకుని ఉందుం గదండీ" అని మాత్రం అంది.

రెండో పొరపాటు బయటపడడానికి ఇంకో ఏడాది పట్టింది. సంఘం డబ్బు విషయంలో తోటి పెద్దలకూ నాకూ మాట తేడా వచ్చింది. మందిరం పైకప్పుకని పోగుచేసిన దానిలోంచి కూటాల పందిరికీ, మైకు సెట్టుకూ, ఫ్లెక్సీలకూ ఖర్చుపెట్టారని నా అభ్యంతరం. అభ్యంతరం సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. పాలకొల్లు బస్టాండు నుంచి మా ఊరి మలుపు వరకు కట్టిన ఆ ఫ్లెక్సీల మీద ప్రసంగీకుల ముఖాలు నిలువెత్తున ఉన్నాయి, సిలువ గుర్తు ఒక మూలన బొటనవేలంత ఉంది, ప్రతి పేరుకు ముందూ దైవజనులు, అభిషిక్తులు అన్న బిరుదులు ఉన్నాయి. కాని నేను చేసిన పని మాత్రం సరైనది కాదు. అలిగి ఆరు నెలలు మందిరానికి వెళ్ళడం మానేశాను. ఇంట్లోనే బైబిలు చదువుకుంటున్నానని నాకు నేను సమాధానం చెప్పుకున్నాను.

ఆ ఆరు నెలలూ ఆ కుర్రవాడు కూడా మందిరానికి వెళ్ళలేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. బజారులో కనబడితే ఎందుకు వెళ్ళడం లేదని గద్దించాను. అతను తల దించుకుని, "మీరే రావట్లేదు కదండీ మాస్టారూ, ఇంక నేనొచ్చి ఏం చేస్తానండి?" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను క్రీస్తుకు శిష్యుణ్ణి చేశాననుకున్నవాడు నిజానికి నాకే శిష్యుడై ఉన్నాడు. యోహాను సువార్త మొదటి అధ్యాయంలో బాప్తిస్మమిచ్చు యోహాను దేవుని గొర్రెపిల్ల అని వేలు చూపగానే, అతని శిష్యులిద్దరు అతన్ని వదిలి యేసు వెంట వెళ్ళిపోయారు, అతను వాళ్ళను వెనక్కి పిలవలేదు. నా వేలు ఎటు చూపుతోందో చూడకుండా ఈ కుర్రవాడు నా వేలినే పట్టుకుని నిలబడ్డాడంటే, ఆ వేలును నేను ఎక్కడ పెట్టానో నేనే ఆలోచించుకోవాలి.

కాపరి అన్న మాట మనకు ఎంత అలవాటైందంటే, అందులో ఏముందో చూడడం మానేశాం. మా వైపు గొర్రెల మందలు తక్కువ. కోతలయ్యాక చేలల్లో రాలిన గింజలు మేయడానికి బాతుల మందలు వస్తాయి. వందల బాతులు గోలచేస్తూ ముందు పోతుంటే, పొడవాటి కర్ర పట్టుకుని మనిషి వెనుక నడుస్తాడు. పక్కకు పోయినదాన్ని కర్రతో అదిలించి వరుసలోకి తోస్తాడు. చూడడానికి ముచ్చటగానే ఉంటుంది. కాని యోహాను పదవ అధ్యాయంలో చెప్పిన కాపరి అలా నడవడు. అతను ముందు నడుస్తాడు, స్వరం గుర్తుపట్టి గొర్రెలు వెంట వస్తాయి. పేతురు కూడా తన మొదటి పత్రికలో సంఘ పెద్దలకు రాస్తూ, అప్పగించబడిన వారి మీద ప్రభువుల్లా ఉండవద్దని, మందకు మాదిరిగా ఉండమని అన్నాడు. మన సంఘాల్లో నాయకత్వమని మనం పిలుస్తున్నదానిలో చాలా భాగం బాతులు తోలడమేనని నాకు అనిపిస్తుంది. ఉపవాస ప్రార్థనకు రానివాళ్ళ పేర్లు మైకులో చదవడం, కానుక ఎవరు ఎంత వేశారో బోర్డు మీద రాయడం, పెళ్ళికి సర్టిఫికెట్ కావాలంటే ముందు హాజరు చూపమనడం, ఇవన్నీ కర్రలే. నా కర్ర కొంచెం నున్నగా ఉండేది, అంతే తేడా.

మర్నాడు ఆదివారం కాకపోయినా మందిరానికి వెళ్ళి, తోటి పెద్దలను కలిసి, అభ్యంతరం అభ్యంతరమే గాని అలిగినందుకు క్షమించమన్నాను. ఆ సంభాషణ మీరనుకున్నంత గొప్పగా ఏమీ జరగలేదు. ఒకాయన టీ తెప్పించాడు, మరొకాయన ఇప్పటికీ నాతో ముభావంగానే ఉంటాడు. అక్కడి నుంచి సాయంత్రం చెరువుల దగ్గరకు వెళ్ళాను.

మీలో చాలామంది రొయ్యల చెరువు పగలు చూసి ఉంటారు. రాత్రి అది ఇంకొక లోకం. నీటికి గాలి అందించే ఏరేటర్ల తెడ్లు నీళ్ళను కొడుతున్న చప్పుడు తప్ప మరేమీ వినబడదు, మాట చెవిలో చెప్పినట్టు చెప్పుకోవాలి. కరెంటు పోతే నిమిషాల మీద జనరేటరు వెయ్యాలి, లేకపోతే ఊపిరందక రొయ్యలు పైకి తేలిపోతాయి. తెల్లవారుజామునే నీటిలో ప్రాణవాయువు అన్నిటికంటే తక్కువ ఉంటుందట. అందుకని మంచం మీద పడుకున్నా అతని చెవి ఏరేటరు మీదే ఉంటుంది. చప్పుడుకు కాదు, చప్పుడు ఆగిపోవడానికి మేలుకునే మనిషి అతను.

కాపలా ఒక్కటే కాకుండా మేత చల్లే పని కూడా అప్పుడప్పుడు అతనిదే. మేత చల్లాక రెండు గంటలకు గట్టు నుంచి వేసిన చిన్న చెక్క వంతెన మీదికి వెళ్ళి, రొయ్యలు ఎంత తిన్నాయో చూడడానికి నీళ్ళలోకి దింపిన చెక్ ట్రేను తాడు పట్టుకుని పైకి లాగాడు. టార్చి వెలుగులో వల అడుగున గోధుమ రంగు మేత గుప్పెడు దాకా మిగిలి ఉంది. ఇలా మిగిలితే ఏం చేస్తావని అడిగాను.

"తగ్గించాలండి. తినట్లేదంటే వాటికి ఏదో బాగాలేదన్నమాటండి. మనం చూసుకోకుండా ఇంకా వేసేస్తే అదంతా అడుక్కి చేరి కుళ్ళిపోద్దండి. అమ్మోనియా వచ్చేస్తదండి. మేత ఎక్కువై పోయిన చెరువులు నేను చూశానండి, ఆకలికి పోయిన చెరువు మాత్రం చూడలేదండి."

ఆ మాట అతను నన్ను ఉద్దేశించి అనలేదు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఆ చెక్క వంతెన మీద నిలబడి, పశువుల తొట్టి గురించి అతను అడిగిన ఒక్క ప్రశ్నకు నేను చెప్పిన గంటన్నర జవాబు గుర్తు తెచ్చుకున్నాను. తిబెరియ సముద్రం ఒడ్డున ప్రభువు పేతురుతో నా గొర్రెలను మేపమని మూడుసార్లు అన్నాడు. ఎంత పెట్టావని కాక, ఎంత తిన్నాయని చూసుకోవడం మేపడంలో భాగమని నాకు ఎవరూ చెప్పలేదు, నేను ఎవరికీ చెప్పలేదు. ప్రసంగం అయ్యాక ఎవరి మనసులో ఏం నిలిచిందో చూడడానికి మనం ఎప్పుడు ట్రే పైకి లాగాం?

నేను ఆ రాత్రి ఏమీ బోధించలేదు. నేను కూడా చాలాకాలంగా సరిగ్గా చదవడం లేదని, మార్కు సువార్త మొదటి నుంచి చదువుదామని అన్నాను. అతనే చదివాడు. చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయిన మనిషి, మన బైబిలేమో పాతకాలపు గ్రాంథికం. ఒక్కో వాక్యానికి రెండు మూడు చోట్ల ఆగేవాడు. అందివ్వాలని నాకు నోటి దాకా వచ్చేది. బడిలో ముప్ఫై ఏళ్ళు చేసిన అలవాటు ఊరికే పోదు. వారానికి ఒక రాత్రి చొప్పున వెళ్ళేవాణ్ణి. నాలుగో అధ్యాయంలో, విత్తనం చల్లినవాడు నిద్రపోతూ, మేలుకుంటూ ఉండగా, ఎలా మొలిచిందో అతనికే తెలియకుండా అది మొలిచి పెరుగుతుందన్న ఉపమానం దగ్గరకు వచ్చినప్పుడు అతను పుస్తకం మూసి, ఇది రాసినాయన కూడా కాపలా కాసినాయనేనాండీ అని అడిగాడు. నేను నవ్వాను. తెలియదన్నాను. కాసేపు ఇద్దరం ఏరేటర్ల చప్పుడు వింటూ కూర్చున్నాం.

మా సంఘాలవారికి బిషప్పుల సంగతి అంతగా పట్టదు గాని, 1912లో భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్పుగా, దోర్నకల్లుకు కలకత్తాలో అభిషేకం పొందిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య చేసిన ఒక పని మాత్రం ఈ రోజుల్లో నాకు తరచుగా గుర్తుకొస్తుంది. ఆయన తమిళుడు, మన భాష నేర్చుకుని మన పల్లెల్లో తిరిగినవాడు. బాప్తిస్మం పొందినవాళ్ళ చేత, వాళ్ళ చెయ్యి వాళ్ళ తల మీదే పెట్టించి, నేను సువార్తను ప్రకటించకపోతే నాకు శ్రమ అన్న పౌలు మాటను పలికించేవారు. పొలం కూలీ అయినా, అక్షరం రానివాడైనా, నీళ్ళలోంచి లేచిన క్షణం నుంచి సాక్షే. ఇంకొకరు తన తల మీద చెయ్యి పెట్టేదాకా ఆగనక్కర్లేదన్నమాట. నేను ఆ కుర్రవాణ్ణి కాలువలోకి దింపినప్పుడు అతని తల మీద ఉన్నది నా చెయ్యి. చాలాకాలం తియ్యలేదు.

మార్కు సువార్త పూర్తవడానికి పది నెలలు పట్టింది. మధ్యలో పంట పోయి ఒకసారి, వాళ్ళమ్మకు జబ్బు చేసి ఒకసారి ఆపవలసి వచ్చింది. ఆవిడ ఇప్పటికీ బాప్తిస్మం తీసుకోలేదు, ఆదివారాలు మాత్రం వస్తుంది, వెనుక వరుసలో కూర్చుంటుంది, నేను అడగను. పుస్తకం అయిపోయాక, ఇంక ఏం చదువుదాం మాస్టారూ అని అతను అడిగితే, నువ్వే చూసుకో నాయనా అన్నాను. కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. నాకూ కష్టంగానే ఉంది. ఆ రాత్రులు నాకు అలవాటైపోయాయి.

పోయిన నెలలో మా ఆవిడ చెప్పింది, గురువారం సాయంత్రాలు డ్యూటీకి వెళ్ళేముందు అతను వాళ్ళ అక్క ఇంటి అరుగు మీద ఐదారుగురిని కూర్చోబెట్టుకుని లూకా సువార్త చదువుతున్నాడని. నాకు చెప్పలేదు. చెప్పనందుకు ఒక పూటంతా నా మనసు ముడుచుకుని ఉంది, ఆ సంగతి కూడా ఒప్పుకుంటాను. తరువాతి గురువారం సైకిలు మీద ఆ వీధిలోంచి వస్తుంటే అరుగు మీద దీపం వెలుగుతోంది. చదువుతున్నవాడు ఎప్పటిలాగే ఒక మాట దగ్గర ఆగాడు. ఎవరో ముసలావిడ, అంటే ఏంట్రా అబ్బాయ్ అని అడిగింది. నేను బ్రేకు వేయబోయాను.

"మీకేమనిపిస్తోంది పిన్నిగారూ, ముందు మీరు చెప్పండి" అన్నాడు.

బెల్లు కొట్టకుండా సందు మలుపు తిరిగి ఇంటికి వచ్చేశాను.